కచేరీ మధ్యలో రాజకీయ ప్రసంగం: నాకు కోపం రావడం తప్పా?

చివరివరుస

మూడు నెలలు ఎదురుచూసిన కచేరీ. మొదటి గంట అద్భుతం. ఒక పెద్ద రాగం ఎత్తుకుని, ఆలాపన సగంలో ఉండగా గాయకుడు ఆగిపోయారు. గొంతు పట్టేసిందేమో అనుకున్నాను. మైకు దగ్గరకు లాక్కుని ఎన్నికల గురించి మొదలుపెట్టారు. పదిహేడు నిమిషాలు. ఎవరికి ఓటు వేయకూడదో, ఎందుకు వేయకూడదో. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు లేచి వెళ్ళిపోయారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళు మూసుకుని, ఆగిపోయిన ఆ రాగాన్నే సన్నగా కూనిరాగం తీస్తూ ఉండిపోయారు. తరువాత మళ్ళీ పాట మొదలైంది గానీ, వదిలిన చోటికి మాత్రం రాగం తిరిగి రాలేదు.

ఆయన చెప్పినదానితో నాకు పేచీ లేదు. నేను ఓటు వేసేదీ అటే. అయినా ఇంటికి చేరేవరకు కోపం తగ్గలేదు. అందుకే అడుగుతున్నాను. సంగీతకారులు వేదిక మీద తమ రాజకీయ అభిప్రాయాలు చెప్పవచ్చా? చెప్పవచ్చంటే, నా కోపానికి అర్థం ఏమిటి?

తంబురాశ్రుతి

చెప్పకూడదు. వేదిక ఎక్కినవారికి మైకు ఉంటుంది, కింద కూర్చున్నవారికి ఉండదు. బదులు చెప్పే వీలు లేనివాళ్ళను కూర్చోబెట్టి ఏకపక్షంగా మాట్లాడటం న్యాయం కాదు. మీ కోపంలో తప్పేమీ లేదు.

ఎర్రగన్నేరు

గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మాకు వద్దని పాడితే జైలులో పెట్టారు. ఆ పాటలోంచి రాజకీయం తీసేయండి, ఏమి మిగులుతుందో చూద్దాం. ఆ మనిషి 1952లో దారిద్ర్యంలో కన్నుమూశారు. ఆయన పాట పాడుకుని స్వాతంత్ర్యం తెచ్చుకున్న మనం ఇప్పుడు కూర్చుని, గాయకులు రాజకీయం మాట్లాడవచ్చా అని అడుగుతున్నాం. నాకు బాధగా ఉంది.

తంబురాశ్రుతి

ఎర్రగన్నేరు గారూ, అది ఉద్యమం. ఆ పాట కోసమే జనం వచ్చారు. చివరివరుస గారు వెళ్ళింది కచేరీకి. రెండూ ఒకటి కావు.

మూడోకాలం

రెంటికీ మధ్య గోడ అంత గట్టిది కాదు తంబురా గారూ. బుర్రకథ తీసుకోండి. మధ్యలో కథకుడు, అటొకరు ఇటొకరు వంతలు. ఆ వంతల్లో ఒకరు హాస్యానికి, మరొకరు రాజకీయానికి. ఎప్పటిదో వీరగాథ నడుస్తూ ఉంటుంది, రాజకీయం చెప్పే వంత మధ్యలో దూరి ఈనాటి సంగతి ఎత్తుకుంటాడు. కథకుడు దానికి బదులిచ్చి మళ్ళీ కథలోకి వెళతాడు. ఎవరికీ కథ తెగినట్టు ఉండదు, ఎందుకంటే ఆ మాటకు చోటు ఆ రూపంలోనే ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి చేతిలో, నాజర్ గొంతులో అదే బుర్రకథ ఎంత పదునెక్కిందంటే ప్రభుత్వాలు దాన్ని నిషేధించాయి.

కాబట్టి చివరివరుస గారూ, ఆయన రాజకీయం మాట్లాడినందుకు కాక, ఆ రాగంలో దానికి చోటు కల్పించకుండా మాట్లాడినందుకు మీకు కోపం వచ్చిందని నా అనుమానం.

చివరివరుస

ఇది ఆలోచించవలసిన మాట. మొత్తం కారణం ఇదే అని మాత్రం అనలేను.

కంజీర

నాకు అర్థం కానిది ఒకటుంది. ఎన్నికల సభల్లో డబ్బు తీసుకుని నాయకుల మీద పాటలు పాడతారు. గెలిచినవారి పుట్టినరోజుకు కచేరీలు చేస్తారు, పొగడ్తలు పాడతారు. అప్పుడు ఎవరూ "కళలోకి రాజకీయం తేవద్దు" అనరు. ప్రశ్నించిన రోజునే ఆ మాట గుర్తుకు వస్తుంది. పొగిడితే సంగీతం, నిలదీస్తే రాజకీయమా?

నేను పదేళ్ళు బృందాల్లో కీబోర్డు వాయించాను. ఎన్ని పార్టీల వేదికలు ఎక్కానో లెక్క లేదు. ఒక్కసారి కూడా ఎవరూ నన్ను "నీ రాజకీయం ఏమిటి" అని అడగలేదు. రైతుల కోసం పెట్టిన ఒక సభలో ఉచితంగా వాయించాను. మర్నాడే అడిగారు.

ఎర్రగన్నేరు

కంజీర గారి మాటను వందసార్లు రాయాలి.

తంబురాశ్రుతి

నేను పొగడ్తనూ సమర్థించలేదు. పొగడటం, నిలదీయటం రెండూ వద్దనే అంటున్నాను. రాజు తన మీద పదం పాడమంటే అన్నమయ్య ఒప్పుకోలేదని, సంకెళ్ళు వేసినా లొంగలేదని మనం చెప్పుకుంటాం కదా. సంగీతాన్ని ఏ సింహాసనానికీ తాకట్టు పెట్టకపోవడమే నేను కోరేది.

మూడోకాలం

రాజు ఎదురుగా నిలబడి "నీ మీద పాడను" అనడం కంటే పెద్ద రాజకీయం ఏముంది?

1931లో ఇటలీలోని బొలోన్యాలో ఆర్కెస్ట్రా నిర్దేశకుడు టోస్కానినీ చేసిందీ అదే. కచేరీకి ముందు ఫాసిస్టుల గీతం వాయించమన్నారు. వాయించనన్నారు. థియేటరు బయటే ఆయన మీద చేయి చేసుకున్నారు. ఉపన్యాసం ఇవ్వలేదు, నినాదం చేయలేదు, ఒక పాట వాయించలేదు, అంతే. అప్పటికి ఆయన వయసు 64.

గజ్జెలసవ్వడి

వాయించకపోవడం అంటే పాబ్లో కసాల్స్ గుర్తుకు వస్తారు. నియంత ఫ్రాంకో పాలనలో ఉన్నంతకాలం తన దేశమైన స్పెయిన్‌లో అడుగుపెట్టనన్నారు. ఆ పాలనను గుర్తించిన దేశాల్లోనూ చెల్లో వాయించనన్నారు. తన కాలంలో అంతటి చెల్లో విద్వాంసుడు లేడని పేరున్న మనిషి. ఎన్ని వేదికలు వదులుకుని ఉంటారో!

రాత్రిరాగం

కానీ 1961లో కెనడీ పిలిస్తే వైట్‌హౌస్‌లో వాయించారు గజ్జెల గారూ. అమెరికా కూడా ఫ్రాంకోను గుర్తించిన దేశమే. దీనివల్ల ఆయన మీద గౌరవం తగ్గాలని చెప్పడం లేదు. మనిషి ఒక నియమం పెట్టుకుని బతికేటప్పుడు ఎంత పెనుగులాట ఉంటుందో చెబుతున్నాను.

నేను చెప్పాలనుకున్నది మరొకటి. మేరియన్ ఆండర్సన్ నల్లజాతి గాయని కావడం వల్ల 1939లో వాషింగ్టన్‌లోని ఒక పెద్ద సభామందిరం ఆమెకు ఇవ్వలేదు. ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద, ఆరుబయట పాడారు. దాదాపు 75,000 మంది వచ్చారు. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. మొదట పాడింది దేశభక్తి గీతం, అందరికీ తెలిసినదే. అందులో "నేను పాడుతున్నాను" అని ఉన్నచోట "మేము పాడుతున్నాము" అని మార్చి పాడారు. మార్చింది ఒక్క మాట. వినగలిగినవాళ్ళకు అంతా అందులోనే ఉంది.

చివరివరుస గారి గాయకుడికి పదిహేడు నిమిషాలు ఎందుకు పట్టాయో?

పల్లవిచరణం

అందరికీ మేరియన్ ఆండర్సన్ గొంతు ఉండదు కదా! కొందరికి ఉపన్యాసమే గతి.

ఎర్రగన్నేరు

రాత్రిరాగం గారూ, మీ ఉదాహరణ నాకూ ఇష్టమే. కానీ "అందంగా, సూక్ష్మంగా చెబితేనే ఒప్పుకుంటాం" అన్న షరతు మాత్రం నచ్చలేదు. ఇల్లు కాలుతుంటే రాగం చూసి కేక వేయమంటారా? చిలీలో విక్టర్ హారాను 1973లో సైనిక తిరుగుబాటు జరిగిన కొద్ది రోజులకే చంపేశారు. వేలమందిని బంధించిన స్టేడియంలో ఆయన్ను చిత్రహింస పెట్టారు. ఆయన చేసిన నేరం గిటారుతో పేదవాళ్ళ పక్షాన సూటిగా పాడటం. ఈనాడు ఆ స్టేడియానికి ఆయన పేరే ఉంది.

రాత్రిరాగం

సూటిదనం వద్దనలేదు. అమెరికా గాయని బిల్లీ హాలిడే చెట్లకు వేలాడే నల్లవాళ్ళ శవాల గురించి పాడింది. అంతకంటే సూటిగా ఎవరు పాడగలరు? 1939లో న్యూయార్క్‌లోని ఒక క్లబ్బులో ఆ పాట ఎలా పాడేదో చదవండి. ఎప్పుడూ చివరి పాట అదే. అది మొదలయ్యే ముందు వడ్డన ఆపేసేవారు. దీపాలన్నీ ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క వెలుగు ఉంచేవారు. పాట అయ్యాక అదీ ఆరిపోయేది. మళ్ళీ దీపాలు వెలిగేసరికి ఆమె వేదిక మీద ఉండేది కాదు. చప్పట్ల కోసం తిరిగి వచ్చేది కాదు. ఆమెతో రికార్డులు చేస్తున్న పెద్ద కంపెనీ ఆ పాట జోలికి రానంటే, మరో చిన్న కంపెనీతో రికార్డు చేసింది.

చెప్పదలచుకున్నదానికి ఆమె ఎంత సిద్ధమైందో చూడండి. ఎక్కడ పెట్టాలి, దాని ముందు ఏమి ఆగాలి, దాని తరువాత ఏమి ఉండకూడదు, అన్నీ ఆలోచించిన పని అది. మన గాయకుడు రాగానికి ఎన్నేళ్ళు సాధన చేసి ఉంటారు? ఆ పదిహేడు నిమిషాలకు ఎన్ని గంటలు సాధన చేశారు?

చివరివరుస

చివరి రెండు వాక్యాలు నేను రాయవలసినవి. నాకు దొరకలేదు, మీకు దొరికాయి.

సౌండుపెట్టె

ఇరవై ఏళ్ళుగా కచేరీలకు సౌండ్ చూస్తున్నాను. వేదిక వెనక ఏమి జరుగుతుందో ఒకటి చెబుతాను.

ఒక గాయని పాటకూ పాటకూ మధ్య మాట్లాడుతోంది. ఆ ప్రాంతంలో జరిగిన ఒక అన్యాయం గురించి. రెండు నిమిషాలు కూడా కాలేదు, నిర్వాహకుల్లో ఒకాయన పరుగున వచ్చి మైకు తగ్గించమన్నారు. డబ్బు ఇచ్చిన పెద్దమనిషి ముందు వరుసలో ఉన్నారట. నేను తగ్గించాను. ఒక్కసారిగా కాదు, ఎవరికీ తెలియకుండా మెల్లగా. ముందున్న పది వరుసలకు వినిపించింది, వెనక్కి పోలేదు. ఆమె ఏదో సాంకేతిక లోపం అనుకుని గొంతు పెంచి మాట్లాడింది. గొంతు బొంగురుపోయింది. తరువాతి పాట సరిగ్గా పాడలేకపోయింది.

ఆ రోజు వేదిక మీద రాజకీయం చేసింది ఆమె ఒక్కతే కాదు. నేనూ చేశాను. ఆమె తన పేరుతో, తన ముఖంతో చేసింది. నేను చీకట్లో కూర్చుని చేశాను. ఆరేళ్ళయింది. ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.

గజ్జెలసవ్వడి

చెప్పండి. ఆరేళ్ళు ఎక్కువ కాలమేమీ కాదు.

తంబురాశ్రుతి

సౌండుపెట్టె గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఆగాను. మైకు తగ్గించడాన్ని నేను సమర్థించను. వినడం ఇష్టం లేకపోతే లేచి వెళ్ళవచ్చు, ఇంకొకరి గొంతు నొక్కకూడదు.

కానీ నా భయం ఒకటి ఉంది. "సంగీతకారుడు మాట్లాడవచ్చు" అన్నది కొంతకాలానికి "మాట్లాడి తీరాలి" అవుతుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, తమ ఆర్కెస్ట్రాను నడిపిస్తున్న రష్యన్ నిర్దేశకుడు వలేరీ గెర్గియెవ్‌ను ఖండన ప్రకటన ఇవ్వమని మ్యూనిక్ నగరం గడువు పెట్టింది. ఇవ్వనందుకు మార్చి 1న ఆర్కెస్ట్రా నుంచి తొలగించింది. అదే నెలలో కార్డిఫ్‌లో ఒక ఆర్కెస్ట్రా రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ రచనను కార్యక్రమంలోంచి తీసేసింది. చైకోవ్‌స్కీ పోయింది 1893లో! మౌనంగా ఉండే హక్కు సంగీతకారుడికి లేదా?

మూడోకాలం

చైకోవ్‌స్కీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. గెర్గియెవ్ విషయంలో కాదు. ఆయన మౌనముని కాదు. 2014లో క్రిమియా విషయంలో పుతిన్‌ను సమర్థిస్తూ వచ్చిన లేఖ మీద సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. 2016లో సిరియాలోని పల్మైరా శిథిలాల మధ్య రష్యా తరఫున కచేరీ చేశారు. అన్నాళ్ళు మాట్లాడి, ఆ ఒక్కరోజు మాట్లాడకపోతే దాన్ని మౌనం అనలేము.

తంబురాశ్రుతి

సరే, ఆయన్ను వదిలేయండి. ఆయన ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారి సంగతి? వారిని కూడా ప్రకటన ఇవ్వమని అడగవచ్చా?

పక్కవాద్యం

తంబురాశ్రుతి గారు నా గురించే అడిగినట్టు ఉంది. నేను వయొలిన్ వాయిస్తాను. ఎక్కువగా పక్కవాద్యమే. ఇన్ని పోస్టుల్లో గాయకుడి హక్కు, శ్రోత హక్కు చదివాను. వేదిక మీద మేమూ ఉంటాం.

చివరివరుస గారు చెప్పినలాంటి కచేరీలో నేను కూర్చున్నాను. అదే కచేరీ అని అనడం లేదు. ఆలాపనలో వయొలిన్ పని ఏమిటో తెలుసు కదా, గాయకుడి వెనకే నీడలా నడవాలి. ఆయన ఎటు తిరుగుతారో ముందే పసిగట్టాలి. అలా వెంట నడుస్తూ ఉంటే ఆయన హఠాత్తుగా ఆగి, నాకు తెలియని దారిలోకి వెళ్ళిపోయారు. నేను కమాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ చూడాలి? ఆయన వైపు చూస్తే ఒప్పుకున్నట్టు. తల దించుకుంటే సిగ్గుపడినట్టు. జనం వైపు చూస్తే సవాలు చేసినట్టు. తల ఊపితే ఒక పార్టీ, ఊపకపోతే మరొక పార్టీ. పాటకు తల ఊపడం ఇరవై ఐదేళ్ళ అలవాటు, ఆ రోజు మెడ బిగబట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు ఆ ప్రసంగం వార్తల్లో వచ్చింది. ఫొటోలో ఆయన పక్కన నేను. రెండు చోట్ల నాకు ఒప్పుకున్న కచేరీలు ఆగిపోయాయి. కారణం చెప్పలేదు. ఆయనకు మాత్రం కొత్త కచేరీలు వచ్చాయి, ధైర్యవంతుడన్న పేరూ వచ్చింది. ధైర్యవంతుడే, కాదనను. కానీ ఆ ధైర్యానికి ఖర్చు పెట్టినదాంట్లో నా వాటా ఎంతో ఆయనకు తెలియదు.

నాకూ రాజకీయ అభిప్రాయాలున్నాయి. ఆయన చెప్పినదాంట్లో సగంతో ఏకీభవిస్తాను. ఆ సగం కోసం కచేరీలు పోగొట్టుకోవడానికీ సిద్ధపడేవాణ్ణేమో. ముందుగా ఒక్క మాట అడిగి ఉంటే.

కంజీర

ఇది చదివాక నా పాత పోస్టు మళ్ళీ చదువుకున్నాను. నేను ఎక్కిన పార్టీ వేదికల మీద కూడా నన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఎర్రగన్నేరు

పక్కవాద్యం గారూ, మీ బాధ నిజం. కానీ అలాంటి ఆయనతో కూర్చోనని చెప్పవచ్చు కదా?

పక్కవాద్యం

నాకు నెలకు నాలుగు కచేరీలు వస్తే మూడు ఆయనవే.

ఎర్రగన్నేరు

క్షమించండి. అది తెలియక అన్నాను.

పల్లవిచరణం

2003లో అమెరికాలోని ముగ్గురు గాయనుల బృందం డిక్సీ చిక్స్ విషయంలోనూ ఇంతే. లండన్ వేదిక మీద ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా, తమ అధ్యక్షుడి గురించి ఒక్క వాక్యం అన్నది ఒకరు. రేడియో కేంద్రాలు పాటలు ఆపేసింది ముగ్గురివీ. కానీ మిగిలిన ఇద్దరూ ఆమెను వదిలిపెట్టలేదు. ముగ్గురూ కలిసే ఆ కష్టాన్ని పాటలుగా మలిచారు, 2007లో ఐదు గ్రామీలు అందుకున్నారు. అడగకపోయినా పక్కన నిలబడేవాళ్ళు ఉంటారని చెప్పడానికి రాస్తున్నాను, పక్కవాద్యం గారి మాట కొట్టిపారేయడానికి కాదు.

రాత్రిరాగం

ఆ ముగ్గురూ ఒకే పేరు మీద సమానంగా ఉన్నవాళ్ళు పల్లవి గారూ. పక్కవాద్యం గారి పేరు పోస్టరు మీద అడుగున ఉంటుంది.

మూడోకాలం

అడగడం అన్న మాట వచ్చింది కాబట్టి, 2001 జూలైలో జెరూసలేంలో ఆర్కెస్ట్రా నిర్దేశకుడు బారెన్‌బోయిమ్ చేసింది చెప్పాలి. ఇజ్రాయెల్‌లో, హిట్లర్ ఆరాధించిన జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతం కచేరీల్లో వాయించరు. చట్టం ఏమీ లేదు, నాజీల కాలపు గాయం అది. బారెన్‌బోయిమ్ ముందు ప్రకటించిన కార్యక్రమం మొత్తం పూర్తిచేశారు. ఆ తరువాత శ్రోతల వైపు తిరిగి, వాగ్నర్ రచన ఒకటి వాయించాలనుకుంటున్నానని, వినడం ఇష్టమేనా అని అడిగారు. దాదాపు అరగంట వాదన జరిగింది. అరిచారు, తిట్టారు. ఇష్టం లేనివారు వెళ్ళవచ్చన్నారు, కొందరు తలుపులు విసురుగా వేసి వెళ్ళిపోయారు. మిగిలినవారికి వాయించారు.

ఆయన చేసింది సరైనదో కాదో నేను తేల్చలేను. ఆ గాయం మోస్తున్నవారికి ఆ అరగంట కూడా ఎక్కువే అయి ఉండవచ్చు. కానీ టికెట్టు కొన్నవారికి ఇవ్వవలసింది ఇచ్చాకే అడిగారు. తంబురా గారు మొదట చెప్పిన ఇబ్బంది, కింద కూర్చున్నవారికి మైకు లేదన్నది, ఆ అరగంటలో లేదు.

చివరివరుస

అదే! అదే నాకు కోపం తెప్పించింది. నన్ను అడగలేదు. సగం రాగంలో, లేచి వెళ్ళలేని చోట పట్టుకుని చెప్పారు. లేచి వెళితే రాగం పోతుంది, కూర్చుంటే ప్రసంగం వినాలి. ఇంతకాలం అభిమానించిన మనిషి నా చెవిని తన సొంతం అనుకున్నట్టు అనిపించింది.

పక్కన మీరు కూడా ఉన్నారని మాత్రం ఆ రోజు నాకు తట్టలేదు పక్కవాద్యం గారూ. వయొలిన్ వాయించినవారి ముఖం గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను, గుర్తుకు రావడం లేదు.

తంబురాశ్రుతి

ముందుగా చెప్పి, చివరన పెట్టి, వెళ్ళేవారికి దారి ఇస్తే నాకు అభ్యంతరం తగ్గుతుంది. పోయిందని అనను.

ఎర్రగన్నేరు

నేనూ అంతే. అన్నిటికీ అనుమతి అడుగుతూ కూర్చుంటే కొన్ని మాటలు ఎప్పటికీ బయటకు రావని ఇప్పటికీ అంటాను. గరిమెళ్ళ ఎవరినీ అడగలేదు. కానీ ఆయన పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకుని వారి పేరు మీద జైలుకు పోలేదు. ఆ తేడా పక్కవాద్యం గారు చెప్పేవరకు నాకు కనిపించలేదు.

గజ్జెలసవ్వడి

అడగకుండా, ఒక్క మాట లేకుండా, అందరూ కలిసి చెప్పినదీ ఒకటుంది. 1772లో ఆస్ట్రియా స్వరకర్త హైడన్ కొలువు చేస్తున్న ప్రభువు వేసవి భవనం వదిలి కదలడం లేదు. వాద్యకారులు నెలల తరబడి కుటుంబాలకు దూరం. హైడన్ ఒక సింఫనీ రాశారు. చివరి భాగంలో ఒక్కొక్కరే తమ వంతు ముగించి, కొవ్వొత్తి ఆర్పి, లేచి వెళ్ళిపోతారు. ఆఖరికి రెండు వయొలిన్లే మిగులుతాయి. ప్రభువుకు అర్థమైంది, మర్నాడే ప్రయాణం కట్టారని చెబుతారు. అక్కడ పక్కవాద్యాలే ప్రధానం!

పక్కవాద్యం

గజ్జెల గారూ, చివరన మిగిలేది వయొలిన్లే అన్న మాట నాకు బాగా నచ్చింది.

సౌండుపెట్టె

ఈ ఉదయం ఆమెకు ఫోను చేశాను. చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజు నా గొంతే పాడైందనుకుని నెల రోజులు వైద్యుల చుట్టూ తిరిగాను" అంది. నేను ఏమీ అనలేకపోయాను. ఫోను పెట్టే ముందు, వచ్చే కచేరీకి సౌండ్ నన్నే చూడమంది.

పక్కవాద్యం

నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. సౌండుపెట్టె గారి పోస్టు చదివి, నేనూ మా గాయకుడికి ఫోను చేశాను. మెడ బిగబట్టుకుని కూర్చున్న సంగతి, ఆగిపోయిన కచేరీల సంగతి చెప్పాను. ఆయనకు నిజంగానే తెలియదు. మొదట కొంచెం చిరాకుపడ్డారు, "నువ్వు కూడా ఇలా అంటే ఎలా" అన్నారు. రాత్రి మళ్ళీ ఆయనే చేశారు.

వచ్చే నెల కచేరీలోనూ మాట్లాడతారట. కానీ పాటలన్నీ అయ్యాక, ముందుగా చెప్పి. నన్ను ఏమి చేస్తావని అడిగారు. మీరు మాట్లాడేటప్పుడు వయొలిన్ పెట్టెలో పెట్టి, కిందికి దిగి జనంలో కూర్చుంటాను అన్నాను. "మాటలకు బదులు పాట పాడితే?" అన్నారు. పాటైతే ముందు నాకు వినిపించండి, నచ్చితే పైనే ఉండి వాయిస్తాను అన్నాను. ఇంకా వినిపించలేదు.

చివరివరుస

కిందికి దిగవలసి వస్తే చివరి వరుసకు రండి. నా పక్క కుర్చీ మీకోసం ఉంచుతాను.